తూచి పలికిన మాట: పిల్లల టెలివిజన్‌లో ఫ్రెడ్ రోజర్స్

1970లో అమెరికా ప్రజా టెలివిజన్‌లో ప్రసారమైన ‘మిస్టర్ రోజర్స్ నైబర్‌హుడ్’ అనే పిల్లల అరగంట కార్యక్రమంలో, చేపల తొట్టి దగ్గర నిలబడిన దాని రూపకర్త ఫ్రెడ్ రోజర్స్‌కు అడుగున కదలకుండా పడి ఉన్న ఒక చేప కనిపిస్తుంది. ఆయన దాన్ని చిన్న వలతో పైకి తీసి, ఏమైనా కోలుకుంటుందేమోనని ఉప్పునీళ్లలో వేసి చూస్తారు. చేప కదలదు. అప్పుడు దాన్ని కాగితపు తువ్వాలులో చుట్టి, పెరట్లోకి తీసుకెళ్లి, మన్ను తవ్వి పూడ్చిపెడతారు. చిన్నప్పుడు తనకు మిట్జీ అనే కుక్క ఉండేదనీ, అది చనిపోయినప్పుడు తాను ఏడ్చాననీ చెబుతారు. ఈ కార్యక్రమం చూస్తున్నవాళ్లలో ఎక్కువమంది ఇంకా బడి మెట్లు ఎక్కని పిల్లలు. చేప స్వర్గానికి వెళ్లిందని గానీ, రేపు కొత్త చేపను కొనుక్కుందామని గానీ ఆయన వాళ్లతో అనలేదు.

ఇలాంటి దృశ్యాలు చూసిన పెద్దలు సాధారణంగా అనే మాట, ‘ఎంత మంచి మనిషి’ అని. ఆయన మంచి మనిషి కాదని వాదించడం నా ఉద్దేశం కాదు. కానీ ఆ ఒక్క మాట దగ్గర ఆగిపోతే ఆయన చేసిన పని కంటికి ఆనకుండా పోతుంది. ఆ మెత్తదనం పుట్టుకతో వచ్చిన స్వభావం మాత్రమే అయితే దాన్ని మెచ్చుకుని ఊరుకోవడం తప్ప మనం చేయగలిగింది లేదు. అయితే ఆయన మాటలోని ప్రతి విరామం వెనుకా మనస్తత్వ శాస్త్రంలో దశాబ్దాల అధ్యయనం, రాసిన వాక్యాన్ని కొట్టివేసి మళ్లీ రాసే అలవాటు, అప్పటి టెలివిజన్ మీద తీవ్రమైన అసంతృప్తి ఉన్నాయి. ఆయన వారసత్వం చుట్టూ అల్లుకున్న చిక్కుముడులు చాలావరకు, జనం ఆ మనిషిని గుర్తుంచుకుని ఆ పద్ధతిని మరిచిపోవడం వల్ల ఏర్పడినవే.

ఆయన 1928 మార్చి 20న పెన్సిల్వేనియా రాష్ట్రంలో, పిట్స్‌బర్గ్‌కు ఆగ్నేయంగా ఉన్న లాట్రోబ్ పట్టణంలో, కలిగిన కుటుంబంలో పుట్టారు. ఉబ్బసం, బొద్దుతనం, సిగ్గు కలిసి ఆయన బాల్యాన్ని ఒంటరిగా గడిపించాయి. బడి నుంచి ఇంటికి నడిచి వస్తుంటే తోటి పిల్లలు ‘ఫ్యాట్ ఫ్రెడ్డీ’ అంటూ వెంటపడేవారు. పట్టించుకోనట్టు ఉండమని పెద్దలు సలహా ఇచ్చారు. వేధించిన పిల్లల సంగతి అలా ఉంచి, కలిగిన బాధను కలగనట్టు నటించమన్న ఆ సలహాయే తనను ఎక్కువగా కుంగదీసిందని ఆయన తర్వాతి కాలంలో గుర్తుచేసుకునేవారు. ఇంట్లో పియానో, చేతికి తొడుక్కునే బొమ్మలు ఆయనకు తోడయ్యాయి. చెప్పుకోలేని మాటను బొమ్మ నోట పలికించే అలవాటు అప్పటిదే.

ఫ్లోరిడాలోని రోలిన్స్ కళాశాలలో 1951లో సంగీత రచనలో పట్టా పుచ్చుకున్న ఆయన మతవిద్యాలయంలో చేరవలసి ఉంది. ఆ సమయంలోనే ఇంట్లో కొత్తగా వచ్చిన టెలివిజన్ చూశారు. తెరమీద కొందరు ఒకరి ముఖాన ఒకరు క్రీము పూసిన పదార్థాలు విసురుకుంటున్నారు, చూసేవాళ్లు నవ్వుతున్నారు. ఇంత గొప్ప సాధనాన్ని మనుషుల్ని అవమానించడానికి వాడుతున్నారే అని ఆయనకు కోపం వచ్చింది. ఆ కోపంతోనే న్యూయార్క్ వెళ్లి ఎన్‌బీసీ టెలివిజన్ సంస్థలో పనికి కుదిరారు. సంగీత కార్యక్రమాలకు ఫ్లోర్ డైరెక్టర్‌గా చేస్తూ కెమెరా ఎలా చూస్తుందో నేర్చుకున్నారు. ఆయన తర్వాత చేసిన కార్యక్రమం అమాయకంగా కనబడినా, దాని వెనుక ఉన్నది వృత్తి నేర్చిన చెయ్యి.

1953లో ఆయన ఆ ఉద్యోగం వదిలి పిట్స్‌బర్గ్‌లో అప్పుడే రూపుదిద్దుకుంటున్న డబ్ల్యూక్యూఈడీ అనే విద్యా టెలివిజన్ కేంద్రంలో చేరారు. 1954 ఏప్రిల్ 1న ఆ కేంద్రం ప్రసారాలు మొదలుపెట్టింది. అక్కడ జోసీ కేరీ అనే గాయని తెరమీద కనిపిస్తూ నడిపిన ‘చిల్డ్రన్స్ కార్నర్’ కార్యక్రమానికి ఆయన తెరవెనుక బొమ్మలు ఆడించేవారు, పాటలకు బాణీలు కట్టేవారు. ప్రసారానికి ముందు రోజు రాత్రి ఆ కేంద్రం అధికారి డొరొతీ డేనియల్ ఇచ్చిన పులి బొమ్మే, ఆమె పేరుతో, డేనియల్ స్ట్రైప్డ్ టైగర్ అయింది. సెట్టు వెనుక అటూ ఇటూ పరుగెత్తేటప్పుడు చప్పుడు కాకూడదని ఆయన కాన్వాసు బూట్లు తొడుక్కునేవారు. కోట్ల మంది పిల్లలకు గుర్తుండిపోయిన ఆ బూట్లు అలా ఒక సాంకేతిక అవసరంగా వచ్చి చేరాయి.

ఆ రోజుల్లోనే ఆయన మధ్యాహ్న భోజన విరామాల్లో పిట్స్‌బర్గ్ మతవిద్యాలయంలో చదువుతూ 1962లో పట్టభద్రులయ్యారు. ప్రెస్బిటేరియన్ చర్చి 1963లో ఆయనకు గురుపట్టాభిషేకం చేస్తూ, ప్రసార మాధ్యమాల ద్వారా పిల్లలకూ కుటుంబాలకూ సేవ చేసే బాధ్యతను అప్పగించింది. అయినా తెరమీద ఆయన దేవుడి ప్రస్తావన దాదాపుగా తేలేదు. మరే నమ్మకంలోనైనా పెరుగుతున్న పిల్లవాడు తాను బయటివాణ్నని అనుకోకూడదన్నది ఆయన జాగ్రత్త. ఆయన కార్యక్రమం పేరులోనూ పాటలోనూ పదేపదే వినిపించే ‘నైబర్’ అన్న మాటను తెలుగు బైబిల్ చదివినవారు ‘నిన్నువలె నీ పొరుగువానిని ప్రేమింపవలెను’ అన్న వాక్యంతో కలిపి చూస్తే, ఉపదేశమంతా ఆ ఒక్క పదంలో ఎలా దాచారో అర్థమవుతుంది.

ఆయన మీద అంతకన్నా లోతైన ప్రభావం మార్గరెట్ మెక్‌ఫార్లండ్‌ది. పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఈ బాలల మనస్తత్వవేత్త, పిల్లల వైద్యుడు బెంజమిన్ స్పాక్, మనోవిశ్లేషకుడు ఎరిక్ ఎరిక్సన్ వంటివారితో కలిసి ఆర్సెనల్ కుటుంబ, బాలల కేంద్రాన్ని నెలకొల్పారు. రోజర్స్ ఆమె దగ్గర విద్యార్థిగా చేరి, 1988లో ఆమె మరణించే వరకూ దాదాపు వారం వారం తన పాటలనూ సంభాషణలనూ చూపించి సలహా తీసుకుంటూనే ఉన్నారు. పేరు తెరమీద పెద్దగా కనబడకపోయినా, ఈ కార్యక్రమానికి సగం రచయిత ఆమేనని నాకు అనిపిస్తుంది.

1963లో కెనడా ప్రసార సంస్థ సీబీసీ ఆయన్ని టొరంటోకు పిలిపించి, మొదటిసారి కెమెరా ముందుకు తెచ్చింది. కొన్నేళ్ల తర్వాత పిట్స్‌బర్గ్ తిరిగి వచ్చి తయారుచేసిన కార్యక్రమం 1968 ఫిబ్రవరి 19న అమెరికా అంతటా ప్రసారం కావడం మొదలైంది. అదే ‘మిస్టర్ రోజర్స్ నైబర్‌హుడ్’. మధ్యలో కొన్నేళ్లు ఆగినా 2001 వరకు దాదాపు 900 భాగాలు వచ్చాయి.

దాని నిర్మాణం పైకి కనిపించేంత సాదాసీదాగా లేదు. ప్రతిసారీ ఆయన పాడుకుంటూ తలుపు తీసుకుని లోపలికి వస్తారు, కోటు విప్పి స్వెట్టర్ (ఏళ్లపాటు అది అమ్మ అల్లినదే) తొడుక్కుంటారు, బూట్లు మార్చుకుంటారు. చిన్నపిల్లలకు రేపు ఏం జరుగుతుందో తెలిసి ఉండటమే ధైర్యం, అందుకే ఈ తంతు దాదాపు ఎన్నడూ తప్పలేదు. ఆ తర్వాత ఒక చిన్న ట్రాలీ బండి గోడలోని సొరంగం గుండా ఊహాలోకంలోకి వెళ్తుంది. పదమూడవ ఫ్రైడే రాజు, పిరికి డేనియల్ పులి, గయ్యాళి లేడీ ఎలైన్ ఉండేది అక్కడే. ఎక్కువ బొమ్మలకు గొంతు రోజర్స్‌దే అయినా, ఆ లోకంలో ఆయన స్వయంగా ఎన్నడూ అడుగుపెట్టరు. ఏది నిజం, ఏది ఊహ అన్న గీత ఇంకా స్థిరపడని వయసు పిల్లలకు ఆ గీతను ట్రాలీ పట్టాలతో గీసి చూపించారన్నమాట. అవతల జానీ కోస్టా పియానో మీద జాజ్ సంగీతాన్ని అప్పటికప్పుడు వాయిస్తుండేవాడు. పిల్లలకు కదా అని సంగీతాన్ని పలచన చేయలేదు.

ఆయన పద్ధతిని అన్నిటికన్నా స్పష్టంగా పట్టి చూపేది మాత్రం ఒక హాస్యరచన. ఆయన బృందంలో పనిచేసిన ఆర్థర్ గ్రీన్‌వాల్డ్, బారీ హెడ్ 1977లో తమ పెద్దాయన భాషకు ‘ఫ్రెడ్డిష్’ అని పేరు పెట్టి, ఒక మామూలు వాక్యాన్ని ఆ భాషలోకి మార్చడమెలాగో సరదాగా రాసి పెట్టుకున్నారు. మొదటి వాక్యం, వీధిలో ఆడుకోవడం ప్రమాదం అన్నది. ఇందులో భయపెట్టడం తప్ప దారి చూపడం లేదు కనుక, క్షేమంగా ఉండే చోట ఆడుకోవడం మంచిది అని మార్చాలి. క్షేమమైన చోటు ఏదో నాలుగేళ్ల పిల్లకు తెలియదు కనుక, అమ్మానాన్నల్ని అడుగు అనాలి. అది ఆజ్ఞలా వినిపిస్తోంది కనుక, అమ్మానాన్నలు చెబుతారు అనాలి. తప్పకుండా చెబుతారని మనం హామీ ఇవ్వలేం కనుక, చెప్పగలరు అనాలి. అందరికీ అమ్మానాన్నలు ఉండకపోవచ్చు కనుక, నీకు ఇష్టమైన పెద్దవాళ్లు చెప్పగలరు అనాలి. వాళ్ల మాట ఎందుకు వినాలో కారణం చేర్చి, వినడం మంచిది అన్నదాన్ని వినడానికి ప్రయత్నించడం ముఖ్యం అని సవరించి, చివరికి, వినడం ఎదగడంలో ఒక భాగమని ముగించాలి.

తొమ్మిది మెట్లున్న ఈ మార్పు చదివితే నవ్వొస్తుంది, అది నవ్వించడానికే రాశారు కూడా. అయినా ‘చెబుతారు’ నుంచి ‘చెప్పగలరు’కు దాటిన చోట ఒక్కసారి ఆగి చూడండి. ఎవరూ ఏమీ చెప్పని ఇంట్లో పెరుగుతున్న పిల్లవాడు మొదటి మాట వింటే తెరమీది పెద్దమనిషి అబద్ధమాడాడని అనుకుంటాడు, లేదా తమ ఇంట్లో ఏదో లోపం ఉందని అనుకుంటాడు. రెండో మాట అతన్ని బయటికి నెట్టదు. ఆసుపత్రి గురించి తయారుచేసిన ఒక చిత్రంలో రక్తపోటు చూసే పట్టీలోకి గాలి ఎక్కించే దృశ్యం ఉంది. ఆంగ్లంలో గాలి నింపడానికీ పేల్చివేయడానికీ ఒకే మాట చెల్లుతుంది. పేలుతుందేమోనన్న భయం పుడితే ఆ తర్వాతి మాటలేవీ పిల్లల చెవికెక్కవని, రోజర్స్ ఆ పదాన్ని మార్పించి మళ్లీ మాట నమోదు చేయించారు. చేపలకు మేత వేయడాన్ని ఆయన పైకి చెప్పడం కూడా ఇలాంటిదే. చూపులేని ఒక చిన్నారి, ఆ పూట చేపలకు మేత వేశారో లేదో తనకు తెలియక బెంగగా ఉందని కబురు చేయించింది. అప్పటినుంచి ఆయన, ‘ఇప్పుడు చేపలకు మేత వేస్తున్నాను’ అని గుర్తుపెట్టుకుని చెప్పేవారు.

ఇంత జాగ్రత్త ఎందుకంటే, ఆయన ఎత్తుకున్న విషయాలు అంత బరువైనవి. వియత్నాం యుద్ధం తీవ్రంగా సాగుతున్న 1968 ఫిబ్రవరిలో, జాతీయ ప్రసారాల మొదటి వారంలోనే ఫ్రైడే రాజు మార్పుకు భయపడి తన కోట చుట్టూ ముళ్లకంచె వేయిస్తాడు. డేనియల్, రాజు మేనకోడలు లేడీ అబర్లిన్ శాంతి అన్న మాటలు కట్టిన బెలూన్లు కంచె మీదుగా వదులుతారు. అదే ఏడాది జూన్‌లో సెనేటర్ రాబర్ట్ కెనెడీ హత్య జరిగిన వెంటనే ప్రసారమైన ప్రత్యేక కార్యక్రమంలో, డేనియల్ ఒక బెలూన్‌ను ఊదమని అడిగి, అందులోని గాలి బయటికి పోయాక ఎక్కడికి వెళ్తుందని ఆలోచించి, చివరికి ‘హత్య అంటే ఏమిటి?’ అని అడుగుతాడు. ఇంట్లో రోజంతా ఆ మాట వింటున్న పిల్లలకు దాన్ని అడిగే ధైర్యం ఒక బొమ్మ ఇచ్చింది. 1981లో తల్లిదండ్రుల విడాకుల గురించి, 1983లో దేశాల మధ్య ఆయుధాల పోటీ గురించి ఒక్కో వారం కేటాయించారు. నీళ్ల తొట్టిలోని రంధ్రం గుండా మనిషి జారిపోలేడని చెప్పే ఒక పాట కూడా రాశారు. అది పెద్దలకు విడ్డూరంగా అనిపించవచ్చు, రెండేళ్ల పిల్లకు మాత్రం అది ప్రాణసంకటమైన సందేహం.

ఇక ఆయన చుట్టూ పెరిగిన కథల్లో అన్నిటికన్నా ప్రసిద్ధమైనది 1969 మే 1న సెనేట్ ఉపసంఘం ముందు ఇచ్చిన సాక్ష్యం. ప్రజా ప్రసారాలకు కేటాయించదలచిన 2 కోట్ల డాలర్లను సగానికి తగ్గించాలని నిక్సన్ ప్రభుత్వం భావిస్తోంది. రోజర్స్ సుమారు ఆరు నిమిషాలు మాట్లాడి, కోపం వచ్చినప్పుడు ఏం చేయాలన్న తన పాటను వచనంలా చదివి వినిపించారు. కటువుగా మాట్లాడతాడని పేరున్న ఉపసంఘం అధ్యక్షుడు, సెనేటర్ జాన్ పాస్టోర్, ఆ 2 కోట్లు మీరు ఇప్పుడే సంపాదించుకున్నట్టున్నారని బదులిచ్చాడు. ఒక్క మెత్తని ప్రసంగం రాతిగుండెను కరిగించిందని ఈ కథను ఇప్పటికీ చెప్పుకుంటారు. అయితే 1967 నాటి ప్రజా ప్రసారాల చట్టాన్ని సెనేట్‌లో ముందుకు నడిపినవారిలో పాస్టోర్ ఒకడన్న సంగతి కథలో జారిపోతుంది. ఆయన ప్రత్యర్థి కాదు, అడగదగిన ప్రశ్నలు అడిగిన మిత్రుడు. ఒక పాట విని డబ్బు ఇచ్చారన్న కథనం, చట్టసభలో ఏళ్ల తరబడి జరిగిన పనిని మరుగుపరుస్తుంది. 2025 జులైలో ప్రజా ప్రసారాల సంస్థకు ఇవ్వవలసిన సుమారు 110 కోట్ల డాలర్లను అమెరికా కాంగ్రెస్ వెనక్కి తీసుకున్నప్పుడు, ఆగస్టు మొదట్లో ఆ సంస్థ మూసివేతకు సిద్ధమవుతున్నప్పుడు, 1969 నాటి వీడియోను చాలామంది పంచుకున్నారు. సభలో ఓట్లు లేని చోట ఆ వీడియో ఏమీ చేయలేకపోయింది.

రెండో చిక్కు మరింత నొప్పి కలిగించేది. ఫ్రాన్సువా క్లెమన్స్ అనే నల్లజాతి గాయకుడు 1968 నుంచి ఈ కార్యక్రమంలో పోలీసు అధికారి పాత్ర వేశాడు. తాను పెరిగిన పేటలో పోలీసులంటే మిత్రులు కారు కనుక ఆ వేషానికి మొదట సందేహించాడు. 1969లో వచ్చిన ఒక భాగంలో, ఎండగా ఉందంటూ రోజర్స్ చిన్న ప్లాస్టిక్ తొట్టిలో కాళ్లు పెట్టుకుని కూర్చుని, అతన్ని కూడా రమ్మని పిలుస్తారు. నాలుగు పాదాలు ఒకే నీళ్లలో ఉన్నాయి, తుడుచుకోవడానికి తువ్వాలు కూడా ఒక్కటే. అంతకు ఐదేళ్ల ముందు ఫ్లోరిడాలోని సెయింట్ అగస్టీన్‌లో నల్లజాతీయులు దిగిన ఈతకొలనులో దాని నిర్వాహకుడు ఆమ్లం పోసిన ఛాయాచిత్రం దేశమంతా చూసింది. ఆ నేపథ్యంలో ఆ చిన్న దృశ్యం చేసిన పని, ఉపన్యాసం చేయగలిగేది కాదు. కానీ అదే క్లెమన్స్ స్వలింగ సంపర్కుడని తెలిసినప్పుడు, అది బయటపడితే కార్యక్రమంలో కొనసాగడం కుదరదని రోజర్స్ చెప్పారు. నిధులిచ్చేవారు వెనక్కి తగ్గుతారన్నది భయం. ‘నువ్వు ఎలా ఉన్నావో అలాగే నాకు ఇష్టం’ అని పాడిన మనిషి ఒక సహచరుణ్ని దాగి ఉండమన్నాడు. తర్వాతి కాలంలో క్లెమన్స్ ఈ విషయాన్ని దాచకుండా చెబుతూనే, ఆయన తనకు తండ్రి వంటివాడనీ అన్నాడు. ఆ రెండు మాటల్లో ఏ ఒక్కదాన్నీ కొట్టివేసే హక్కు మనకు లేదనుకుంటాను. 1993లో ఇద్దరూ ఆ తొట్టి దృశ్యాన్ని మళ్లీ చేశారు.

మూడోది, నువ్వు ప్రత్యేకం అన్న మాట మీద వచ్చిన విమర్శ. ఆ మాట విని పెరిగిన తరం కష్టపడకుండానే అన్నీ కావాలంటోందని 2007 ప్రాంతంలో అమెరికా పత్రికల్లో, టెలివిజన్‌లో వాదన నడిచింది. రోజర్స్ చెప్పింది వేరు. ఏమీ సాధించకపోయినా మనిషికి విలువ ఉంటుందని చెప్పారే గానీ, ఏమీ చేయకపోయినా బహుమతి వస్తుందని చెప్పలేదు. 1973లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, కొందరు చిన్నారులకు సాహసవీరుల కార్టూన్లు, కొందరికి ఈ కార్యక్రమం చూపించి పోల్చారు. రోజర్స్‌ను చూసిన పిల్లలు పట్టిన పనిని వదలకుండా చేయడంలో, కావలసినదాని కోసం ఆగడంలో మెరుగ్గా కనిపించారు. గారాబంతో చెడిన పిల్లల లక్షణాలు ఇవి కావు.

ఆయన సంస్థ 2012లో ప్రారంభించిన ‘డేనియల్ టైగర్స్ నైబర్‌హుడ్’ అనే యానిమేషన్ కార్యక్రమం గురించి 2016లో వెలువడిన పరిశోధన మరో మెలిక చూపింది. దాన్ని చూసిన పిల్లల్లో సానుభూతి పెరిగింది, అయితే చూసినదాని గురించి తల్లిదండ్రులు తరచూ మాట్లాడే ఇళ్లలోనే. రోజర్స్ దీన్ని ముందే ఊహించి ఉండాలి. ఇళ్లలో వీడియో రికార్డర్లు వాడటం చెల్లుతుందా అన్న సోనీ వ్యాజ్యంలో ఆయన ఇచ్చిన సాక్ష్యాన్ని సుప్రీంకోర్టు తన 1984 తీర్పులో ఉటంకించింది. కుటుంబం తనకు వీలైన వేళలో, కలిసి చూడగలగాలన్నది ఆయన వాదన. పిల్లల్ని తెర ముందు కూర్చోబెట్టి పెద్దలు తమ దారిన పోవడానికి తన పని ఉపయోగపడాలని ఆయన అనుకోలేదు.

విపత్తు వచ్చిన ప్రతిసారీ తిరిగే ఆయన మాట, సాయం చేస్తున్నవారి కోసం చూడమన్నది, అలాగే వంకర తిరిగింది. భయపెట్టే వార్తలు చూసినప్పుడు తల్లి తనకు చెప్పిన ఆ మాటను ఆయన చిన్నపిల్లల కోసం అందించారు. పిల్లలు సాయం కోసం వెతకాలి. పెద్దలు ఆ సాయం చేస్తున్నవారై ఉండాలి. ఓటు హక్కు ఉన్నవారు కూడా ఒకరికొకరు ఆ మాట పంపుకుని ఊరడిల్లితే, నాలుగేళ్ల పిల్లలకిచ్చిన ఓదార్పును మనం దొంగిలించినట్టే. ఆయన పూర్వం సైన్యంలో గురితప్పని తుపాకీవీరుడనీ, స్వెట్టర్ కింద పచ్చబొట్లు దాచుకున్నాడనీ తిరిగే పుకారులో రవ్వంత నిజం లేదు. మగవాడు ఇంత మెత్తగా ఉండటం వెనుక ఏదో హింస దాగి ఉండాలన్న నమ్మకం నుంచి అది పుట్టిందని మాత్రం చెప్పవచ్చు.

చివరి భాగం 2001 ఆగస్టు 31న ప్రసారమైంది. దాన్ని ముగింపు ఉత్సవంగా ఆయన మలచలేదు. పాత భాగాలు మళ్లీ మళ్లీ ప్రసారమవుతాయి, వాటిని ఆ రోజే మొదటిసారి చూసే పిల్లలుంటారు. వాళ్లకు వీడ్కోలు చెబితే అర్థం కాదు. ఉదర క్యాన్సర్‌తో ఆయన 2003 ఫిబ్రవరి 27న పిట్స్‌బర్గ్‌లోని ఇంట్లో, 74 ఏళ్ల వయసులో మరణించారు. ఆ చివరి భాగంలోనూ ఆయన ఎప్పటిలాగే బూట్లు మార్చుకుని, స్వెట్టర్ విప్పి వంకెకు తగిలించి, కోటు తొడుక్కుని, మళ్లీ వస్తానని చెప్పి తలుపు తీసుకుని బయటికి వెళ్లారు.